మరకలాయన తొక్కిన కాలు

మరకలాయన బల్ల కింద పెళ్ళాం కాలు తొక్కాడు. ఏదో పొరపాటున తగిలినట్టు కాదు, బూటు మడమ ఆనించి మరీ తొక్కాడు.

ఎదురుగా కూర్చున్న మత్తు డాక్టరమ్మ అప్పుడే ఆవిడని ఒక మాట అడిగింది. "మీ పుట్టింటి వైపు ఎవరికైనా, అమ్మానాన్నలకి గానీ తోడబుట్టినవాళ్ళకి గానీ, ఆపరేషన్‌కి మత్తు ఇచ్చినప్పుడు ఎప్పుడైనా ఇబ్బంది వచ్చిందా అమ్మా?"

"మా అన్నయ్యకి..." అని ఆవిడ నోరు తెరిచింది. బూటు పడింది. "మా అన్నయ్యకి కూడా ఏం రాలేదండీ" అని ఆవిడ ఆ మాటని అక్కడికక్కడే మడతపెట్టేసింది.

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "తొందర లేదు, గుర్తు తెచ్చుకుని చెప్పండి" అంది.

"గుర్తు తెచ్చుకోడానికి ఏముందండీ! వాళ్ళది రాయిలాంటి వంశం" అన్నాడు మరకలాయన. పిత్తాశయంలో రాళ్ళు తీయించడానికి వచ్చి రాయిలాంటి వంశం అంటాడేమిటండీ! మనిషి కంగారు అలా ఉంది మరి.

ఇంతకీ ఈయన ఎవరంటే, మెయిన్ రోడ్డు మలుపులో బట్టలు డ్రైక్లీనింగ్ చేసే కొట్టు ఆయనది. సిరా మరక, గ్రీజు మరక, ఏళ్ళ తరబడి పెట్టెలో మగ్గిపోయిన మరక, ఏదైనా సరే వేలితో ఒకసారి రుద్ది చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడు. అందుకే ఊరంతా మరకలాయన అంటుంది. ఇంట్లో పెళ్ళాం కూడా కోపం వస్తే అదే అంటుంది.

ఆ కొట్లో ఒక పద్ధతుంది. బట్ట గట్టిదైతే ఆయన ఒక్క మాట మాట్లాడడు. చీటీ రాసి చేతిలో పెట్టి "ఎల్లుండి రండి" అంటాడు, అంతే. అదే బట్టలో నేత చివికిపోయి కనబడితేనో, రంగు నిలవదని అనుమానం వస్తేనో, అప్పుడు మొదలుపెడతాడు. "చూడండీ, రంగు దిగొచ్చు. కుట్టు ఊడొచ్చు. కుంచించుకుపోవచ్చు. చాలా అరుదు గానీ, జరిగితే మమ్మల్ని అనకూడదు మరి" అని దండకం చదువుతాడు. లోపం కంటికి కనబడ్డాకే ఆ దండకం. సగం మంది ఆ మాటలకి హడలిపోయి బట్ట వెనక్కి పట్టుకుపోతారు. ఆయనకి కావలసిందీ అదే.

అలాంటి మనిషి ముందు కూర్చుని, పుట్టింటి ప్రశ్న అడగడానికి ముందు ఆ డాక్టరమ్మ ఏం చేసింది? ఎంతో ఓపిగ్గా, చిన్న గొంతుతో, అదే దండకం చదివింది.

"గొంతులో గొట్టం వేస్తాం గనక ఒకటి రెండు రోజులు గొంతు నొప్పి ఉండొచ్చు. వాంతులు రావచ్చు. పన్ను ఏదైనా వదులుగా ఉంటే దెబ్బ తగలొచ్చు. మందు పడక ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, అరుదుగా అది పెద్దదీ కావచ్చు. చిన్న రంధ్రాలతో మొదలుపెట్టినా, లోపల కష్టమైతే పెద్దగా కోయాల్సి రావచ్చు. గుండెకి గానీ ఊపిరికి గానీ ప్రాణం మీదికి వచ్చే ఇబ్బంది చాలా చాలా అరుదు. కానీ అసలు ఉండదని నేను చెప్పలేను."

అయిపోయింది, ఈవిడ లోపల ఏదో చూసేసింది అనుకున్నాడు మరకలాయన. నిప్పు లేనిదే పొగ రాదు కదా. మంచి బట్టకి ఇంత దండకం ఎవరు చదువుతారు? సరిగ్గా ఆ లెక్కలో ఉండగానే పుట్టింటి ప్రశ్న వచ్చింది, పెళ్ళాం నోరు తెరిచింది. ఆ అన్నయ్య సంగతి గనక బయటపడితే "మా వల్ల కాదు, పట్టుకుపోండి" అంటారని ఆయన భయం. పట్టుకుపోతే ఆ రాళ్ళ నొప్పి మళ్ళీ వస్తుంది. కిందటిసారి వచ్చినప్పుడు ఆవిడ వంటింట్లో నేల మీద ముడుచుకుపోయి పలకలేదు. ఈసారి వస్తే లోపల చీము పట్టొచ్చని పెద్ద డాక్టరు గట్టిగానే చెప్పాడు. చేయిస్తే ఒక భయం, చేయించకపోతే ఇంకో భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెండింటి మధ్యా నిలబడి పెళ్ళాం కాలు తొక్కాడు మహానుభావుడు.

బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆవిడ చెప్పు విప్పి పాదం చూసుకుంది.

"ఎందుకు తొక్కారు?"

"మీ అన్నయ్య నిద్ర గోల ఇక్కడెందుకే?"

"ఆవిడ అడిగింది కాబట్టి చెప్పబోయాను. అడిగితే చెప్పద్దూ?"

"చెప్తే చెయ్యనంటుంది. అసలే ఏదో చూసినట్టుంది. అంత దండకం చదివిందంటే ఊరికే చదువుతుందా?"

"ఏం చూసింది? కాగితాలన్నీ బాగున్నాయందిగా!"

"బాగుంటే ప్రాణం మాట ఎందుకు ఎత్తింది?"

"అరుదు అంది కదండీ."

"అరుదు అంటే ఉన్నట్టా, లేనట్టా?"

ఆవిడకీ తెలియలేదు. "మరకలు చూసీ చూసీ మీకు మనుషుల్లో కూడా అవే కనబడుతున్నాయి" అని విసుక్కుని ఆవిడ కుంటుకుంటూ ఇంటికి పోయింది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్.

ఆ అన్నయ్య సంగతేమిటంటే, ఆ ఇంట్లో అదొక పెద్ద నవ్వులాట. రొట్టెల బట్టీలో పని ఆయనకి. ఊళ్ళో కోడి కంటే ముందు లేచి పిండి కలిపే మనిషి. అలాంటివాణ్ణి అందరూ నిద్రబావ అంటారు. కొన్నేళ్ళ కిందట వేరే ఊళ్ళో గజ్జల్లో హెర్నియాకి ఆపరేషన్ చేయించుకున్నాడు. చిన్న ఆపరేషనే, గబగబా అయిపోయింది. మనిషి మాత్రం లేవలేదు. సాయంత్రం దాకా ఊపిరి కూడా మిషనే తీసింది. బయట చెల్లెలు ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచేలా కూర్చుంది. ఆఖరికి లేచాడు. అక్కడి డాక్టరు భుజం తట్టి "మందు కాస్త ఎక్కువసేపు పట్టేసింది, ఇప్పుడేం భయం లేదు" అని పంపించేశాడు. ఎందుకు పట్టిందో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

అప్పటి నుంచీ ఏ నలుగురు చేరినా అదే మాట. "పరుపు బాగుందని పడుకుండిపోయాడు" అని ఒకరు, "బట్టీలో తరిగిపోయిన నిద్రంతా ఒక్క పూటలో లాగేశాడు" అని ఇంకొకరు. ఆయన లైటు వేసుకుని పడుకుంటాడని తెలిశాక "చీకట్లో పడుకుంటే మళ్ళీ లేవలేనని భయమేమో" అని కొత్తది చేర్చింది మన మరకలాయనే. నిద్రబావ కూడా అందరితోపాటు నవ్వేవాడు.

సరే, ఆ మధ్యాహ్నం మరకలాయన కొట్టుకి వెళ్ళాడు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది మరి. చేతికి దొరికిన బట్ట తీశాడు. టీచరమ్మ నీలం కోటు, ఛాతీ మీద టీ మరక. నిన్న తీసుకునేటప్పుడు ఎప్పటిలాగే అడిగాడు, "ఇంట్లో దీని మీద ఏమైనా రాశారా?" అని. "ఒట్టు! చుక్క నీళ్ళు కూడా తగలనివ్వలేదు" అందావిడ. బట్ట గట్టిగానే కనబడింది. దండకం చదవకుండా చీటీ ఇచ్చేశాడు.

ఇప్పుడు మరక మీద ఆవిరి పెట్టాడు. చూస్తుండగానే నీలం కాస్తా వెలిసి, అరచేయంత తెల్లటి మచ్చ పైకి తేలింది. ఆయనకి తెలియనిదా అది? బట్టలు తెల్లబరిచే మందు. ఎవరో రాసి తుడిచేసి ఊరుకున్నారు. అది నూలులో నక్కి కూర్చుంది. వేడి తగలగానే రంగుని మింగేసింది. నెత్తి బాదుకుని టీచరమ్మకి ఫోన్ చేశాడు.

"కొంచెమే రాశానండీ" అందావిడ నీళ్ళు నములుతూ. "చెప్తే తీసుకోరేమోనని..."

"తీసుకోనని ఎవరు చెప్పారండీ మీకు?" మరకలాయన కొట్టు అదిరేలా అరిచాడు. "చెప్తే ముందు ఆ మందుకి విరుగుడు పెట్టి కడిగేవాణ్ణి! ఆవిరి జోలికే పోయేవాణ్ణి కాదు! నేను అడిగింది వెనక్కి పంపడానికా? దీన్ని ఎలా ఉతకాలో తెలుసుకోడానికి అడిగాను! అడిగినప్పుడు నోరు మూసుకుని, ఇప్పుడు..."

అక్కడ ఆగిపోయాడు. అవతల టీచరమ్మ "హలో, హలో" అంటూనే ఉంది. ఆయన చేతిలో ఫోన్ ఉంది, ఎదురుగా తెల్లమచ్చ ఉంది. నోట్లోంచి వచ్చిన మాట తిరిగొచ్చి తన చెంప మీదే చెళ్ళుమనిపించినట్టయింది. పొద్దున్న ఆ గదిలో ఆ టీచరమ్మ ఎవరు? తనే కదా! ఇంకా నయం, రేపటి దాకా టైముంది అనుకున్నాడు. వెంటనే, టైముండి ఏం చెయ్యాలి, ఇప్పుడు వెళ్ళి చెప్తే అబద్ధమాడామని కోప్పడదా, నిజంగానే వద్దంటే అనుకున్నాడు. మనసు ఊగిసలాడుతుంటే కాళ్ళు మాత్రం బట్టీ వైపు నడిచాయి. అసలు ఆ రోజు ఏం జరిగిందో బావకి తప్ప ఎవరికి తెలుసు?

నిద్రబావ బట్టీ ముందు నిలబడి పొడుగు కర్రతో రొట్టెల రేకులు బయటికి లాగుతున్నాడు. "రా బావా, చెల్లి ఎలా ఉంది?" అన్నాడు.

"బాగానే ఉంది. బావా, నీ ఆపరేషన్ రోజు నువ్వు నిజంగా ఎంతసేపు పడుకున్నావు? నవ్వులాటకి కాదు, నిజం చెప్పు. మత్తు డాక్టరమ్మ అడిగింది."

నిద్రబావ కర్ర గోడకి ఆనించాడు. చేతులకున్న పిండి దులుపుకున్నాడు.

"నేను పడుకోలేదు బావా" అన్నాడు చివరికి.

"అంటే?"

"మెలకువ వచ్చేసింది. ఎప్పుడో వచ్చేసింది. కళ్ళు తెరుద్దామంటే తెరుచుకోలేదు. వేలు కదుపుదామంటే కదల్లేదు. ఊపిరి నేను తీయట్లేదు, ఎవరో నాలోకి కొడుతున్నారు. అన్నీ వినబడుతున్నాయి. ఒకాయన కాఫీ తెమ్మన్నాడు. ఇంకొకాయన 'ఇంకా లేవలేదేమిటి' అన్నాడు. ఉన్నాను, ఉన్నాను అని లోపల అరుస్తూనే ఉన్నా. కాసేపటికి చచ్చిపోయాననుకున్నా బావా. చచ్చినవాళ్ళకి ఇలాగే వినబడుతూ ఉంటుంది కాబోలు, వెనక్కి వచ్చి చెప్పినవాళ్ళు లేక మనకి తెలియదు కాబోలు అనుకున్నా."

మరకలాయనకి లైటు వేసుకుని పడుకోవడం మీద తను వేసిన జోకు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం బావా?"

"నేను కళ్ళు తెరిచేసరికి ఎదురుగా చెల్లి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. నన్ను చూసి 'ఏం నిద్రరా అన్నయ్యా నీది!' అని ఒక్కసారిగా నవ్వింది. అప్పుడు దానికి ఏమని చెప్పను? నిద్రే అన్నాను. తర్వాత అందరూ నవ్వడం మొదలెట్టారు. నవ్వేవాళ్ళ మధ్య ఇది ఎలా చెప్పాలో తెలియలేదు." నిద్రబావ బట్టీ మూత వేశాడు. "చెల్లికీ రేపు అలా అవుతుందా బావా? తోడబుట్టింది కదా!"

ఆ సంగతి మరకలాయనకేం తెలుసు? "నాకు తెలియదు బావా, ఏం తెలియట్లేదు. నడు, ఆవిడకి తెలుస్తుందేమో" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అప్పుడే ఇంటికి బయల్దేరబోతూ దొరికింది. మరకలాయన ముందు చెంపలు వేసుకున్నాడు, తర్వాత కాలు తొక్కిన సంగతి చెప్పాడు, ఆ తర్వాత నీలం కోటు సంగతి చెప్పబోయాడు. ఆవిడకి కోటు ఎందుకొచ్చిందో అర్థం కాక నిద్రబావ వైపు తిరిగింది. ఆయన చెప్తుంటే మాత్రం బ్యాగు కింద పెట్టి కూర్చుండిపోయింది.

"మీకు అప్పుడు ఇచ్చిన మందు ఏదో వాళ్ళు చెప్పలేదు కదా?"

"లేదమ్మా."

"నేను అనుకునేది చెప్తాను. పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేను. గొట్టం వేయడానికి ఒళ్ళు వదులు చేసే మందు ఒకటి ఉంది. మామూలు మనుషుల రక్తంలో అది నిమిషాల్లో కరిగిపోతుంది. కొందరి రక్తంలో దాన్ని కరిగించే పదార్థం పుట్టుకతోనే తక్కువ. వాళ్ళకి గంటల తరబడి ఉండిపోతుంది. మత్తు దిగిపోతుంది, ఒళ్ళు మాత్రం కదలదు. మీది నిద్ర కాదండీ. మీరు చెప్పినట్టే జరిగి ఉంటుంది."

నిద్రబావ కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయనతో అన్న మొదటి మనిషి ఆవిడ.

"ఇది రక్తసంబంధంలో వస్తుంది గనకే పొద్దున్న అడిగాను. మీకూ మీ చెల్లెలికీ రక్తపరీక్ష రాస్తాను. అది వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఆ మందు మానేసి వేరే మందుతో చేయొచ్చు" అంది డాక్టరమ్మ.

మరకలాయన గుండెల మీంచి పెద్ద బండ దిగింది. వెంటనే ఇంకో చిన్న బండ ఎక్కింది. "అయితే ఇప్పుడు ప్రమాదం లేనట్టేనా డాక్టరమ్మా?"

"ఈ ఒక్కటీ తగ్గింది. పొద్దున్న చెప్పిన మిగతావి అలాగే ఉన్నాయి."

"అలాగే ఉన్నాయా! మరి పొద్దున్న మీరు లోపల ఏదో చూసే కదా అవన్నీ చెప్పారు?"

"ఏమీ చూడలేదండీ. అందరికీ చెప్తాను."

"గట్టి బట్టకి కూడానా? మా కొట్లో గట్టి బట్టకి ఏమీ చెప్పం."

డాక్టరమ్మకి కోటు సంగతి కొంచెం కొంచెం తలకెక్కింది. చిన్నగా నవ్వింది. "మీరు బట్ట ఇచ్చేవాళ్ళతో మాట్లాడతారు. నేను బట్టతోనే మాట్లాడుతున్నాను కదండీ. ఒళ్ళు ఆవిడది. ఏం జరగొచ్చో ఆవిడకి తెలియాలి."

"ఈ సంగతి మాత్రం చెల్లికి చెప్పకండమ్మా" అన్నాడు నిద్రబావ. "అసలే భయపడుతోంది."

"చెప్పకుండా నేను మత్తు ఇవ్వను" అంది ఆవిడ. ఆ గొంతు చిన్నదే గానీ, దానికి ఎదురు చెప్పడం ఇద్దరికీ చేతకాలేదు.

మర్నాడు పొద్దున్న వార్డులో ఆకుపచ్చ గౌను వేసుకుని కూర్చున్న ఆవిడకి డాక్టరమ్మ మొత్తం చెప్పింది. అన్నయ్యకి ఏం జరిగిందో ఆయన చేతే చెప్పించింది. నిద్రబావ నేల చూపులు చూస్తూ నాలుగు ముక్కల్లో ముగించాడు. ఆవిడ మొదట "ఏంటన్నయ్యా, నువ్వు మళ్ళీ..." అని నవ్వబోయింది. తర్వాత ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. ఆ ఇంట్లో నిద్రబావ అనే పేరు పుట్టడానికి మొదటి మాట అన్నది తనే. ఏదో అనబోయింది గానీ నర్సు బండి తోసుకొచ్చేసింది.

నిద్రబావ బండి వెంట రెండడుగులు పరుగెత్తాడు. "అమ్మా డాక్టరమ్మా, ఒక్క మాట. ఒకవేళ చెల్లి లేవకపోతే, నిద్రపోతోందని ఊరుకోకండి. ఎవరో ఒకరు పలకరిస్తూ ఉండండి. 'మేం ఉన్నాం, నువ్వు బతికే ఉన్నావు' అని చెప్తూ ఉండండి. దానికి వినబడుతుంది."

"అలాగే" అంది డాక్టరమ్మ. తలుపులు మూసుకున్నాయి.

బయట బల్ల మీద బావలిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. మరకలాయన ఎంత కూడదీసుకున్నా డాక్టరమ్మ మాటలు ఆయన బుర్రలో కుదురుగా నిలబడలేదు. ఒక ప్రమాదం తగ్గింది, మిగతావి ఉన్నాయి, ఉన్నా అరుదు, అరుదైనా ఉన్నాయి. అన్నీ తెలిశాక ధైర్యం రావాలి కదా, మరి భయం ఎందుకు పోలేదు? బావని అడుగుదామనుకున్నాడు. బావ గోడ గడియారం వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడుతున్నాడు.

ఆపరేషన్ బాగానే అయిందని చెప్పి, చాలాసేపటికి నర్సు మరకలాయన ఒక్కణ్ణే లోపలికి పిలిచింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. ముక్కుకి గొట్టం, వేలికి క్లిప్పు. ఊపిరి ఆవిడే తీస్తోంది. పడుకుందో, మేలుకుని ఉందో ఆయనకి అర్థం కాలేదు. అడుగుదామంటే నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఏమో, ఎందుకైనా మంచిది అని ఆవిడ చెవి దగ్గరికి వంగి మొదలుపెట్టాడు.

"ఇదిగో, నేను ఉన్నాను. నువ్వు బతికే ఉన్నావు. ఆపరేషన్ అయిపోయింది. రాళ్ళు తీసేశారు. నిన్న కాలు తొక్కాను, తప్పయిపోయింది, ఇంకెప్పుడూ తొక్కను. టీచరమ్మ నీలం కోటు పాడైపోయింది, దానికి జేబు కుట్టి మచ్చ కప్పేస్తాను. నువ్వు కదలలేకపోతే కంగారు పడకు, కదిలేదాకా నేను మాట్లాడుతూనే ఉంటాను. ఇంకేం చెప్పాలి, ఆఁ, పొద్దున్న వీధి తలుపు తాళం వేశానో లేదో గుర్తు రావట్లేదు..."

"వినబడుతోంది" అంది ఆవిడ. కళ్ళు ఇంకా తెరవలేదు. గొంతు బొంగురుపోయింది.

మరకలాయన కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నొప్పిగా ఉందా? నీళ్ళు కావాలా? డాక్టరమ్మని పిలవనా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. మూసి ఉన్న రెప్పల కిందనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"ముందు మా అన్నయ్యని పిలవండి" అంది.